పాత బండి స్టార్ట్ కాకపోతే: కరెంటు ఎక్కడ ఆగిందో వెతికే పద్ధతి

ఏపీ 24, ఏపీ 22 అని మొదలయ్యే నంబరు ప్లేట్ల బండ్లు నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఇప్పటికీ చాలానే కనిపిస్తాయి. 2014కు ముందు రిజిస్టరైన ఈ బండ్లలో ఇంజన్ సాధారణంగా గట్టిగానే ఉంటుంది. పొద్దున్నే పాల క్యాన్లు కట్టుకుని బయలుదేరబోయే వేళకు సెల్ఫ్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం, ఇరవై కిక్కులు కొట్టినా ఇంజన్ అందుకోకపోవడం మాత్రం వీటికి తరచుగా వచ్చే జబ్బు. అటువంటప్పుడు మనవాళ్లు మొదట చేసే పని సామాను మార్పించడం. బ్యాటరీ, ప్లగ్, సీడీఐ (స్పార్క్ పడే వేళను నడిపే చిన్న డబ్బా), కాయిల్ (ప్లగ్‌కు వెళ్లే వోల్టేజీని పెంచేది) అని ఒక్కొక్కటిగా మారుస్తూ పోతారు, ఏదో ఒకదానికి బండి స్టార్ట్ అవుతుంది, అసలు లోపం ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

నేనూ ఆ దారిన వెళ్లినవాణ్ణే. నా పదిహేడేళ్ల 150 సీసీ బండి సెల్ఫ్ నొక్కితే 'టిక్ టిక్' మని ఊరుకునేది. మెకానిక్ చెప్పాడని కొత్త బ్యాటరీ వేయించాను. వారం తిరగకముందే అదే వరస. తరువాత సెల్ఫ్ మోటరు విప్పించి, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు మార్పించాను. రెండు రోజులు బాగుండి మళ్లీ మొరాయించింది. చివరికి లోపం ఎక్కడ దొరికిందో దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను. పాత బండిలో సామాను చెడిపోవడం కంటే సామానుకూ సామానుకూ మధ్య ఉన్న అతుకులు చెడిపోవడమే ఎక్కువ. కాబట్టి బ్యాటరీ దగ్గర బయలుదేరిన కరెంటు ఎంతవరకు వచ్చి ఆగిందో వరుసగా చూసుకుంటూ పోవాలి. ఆగిన చోటు కనిపించేదాకా ఒక్క రూపాయి సామాను కూడా కొనకూడదు.

బండి రకం తెలుసుకోవడం

వెతకడం మొదలుపెట్టే ముందు మీ బండిలో ప్లగ్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి. పాత బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్ వంటి బండ్లలో పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలుపుతూ తెంచే రేకులు), అవి కాలకుండా కాపాడే కండెన్సర్ ఉంటాయి. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100లోనూ, 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోనూ పాయింట్లకు బదులు సీడీఐ అనే చిన్న డబ్బా ఉంటుంది. ఈ సీడీఐ బండ్లలో మళ్లీ రెండు జాతులున్నాయి. ఒక రకంలో మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) లోపలున్న ఒక కాయిల్ నేరుగా సీడీఐకి కరెంటు ఇస్తుంది. అందులో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా కిక్కు కొడితే బండి స్టార్ట్ అవుతుంది. రెండో రకంలో సీడీఐకి బ్యాటరీయే ఆధారం. అందులో బ్యాటరీ బాగా పడిపోతే కిక్కు కొట్టినా, నలుగురు కలిసి తోసినా ప్లగ్‌కు స్పార్క్ రాదు. మునుపు ఎప్పుడైనా బ్యాటరీ డౌన్ అయినప్పుడు మీ బండి కిక్కుకు అందుకుందో లేదో గుర్తు తెచ్చుకుంటే చాలు, మీది ఏ రకమో తెలిసిపోతుంది. ఆ సంగతి తేల్చుకోవడానికని నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ వైరు పీకడం మాత్రం చేయకూడదు. బ్యాటరీ లేనప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి బల్బులు, ఇతర సామాను కాలిపోయే ప్రమాదం ఉంది.

సామాను విషయానికి వస్తే, కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్, ప్లగ్ పానా, 10 నంబరు స్పానర్, స్క్రూడ్రైవర్, సాండ్ పేపర్, కొద్దిగా వాసలిన్ ఉంటే చాలు. ఇవి కాక ఒక టెస్ట్ లైటు చేసుకోవాలి. పాత ఇండికేటర్ బల్బు ఒకటి హోల్డర్‌తో సహా తీసుకుని, దాని రెండు వైర్లనూ మూరెడు పొడవు చేసి, ఒకదాని చివర క్లిప్పు, మరొకదాని చివర సన్నని మేకు కట్టండి. మల్టీమీటర్ 12 వోల్టులు చూపించే వైరు బల్బును వెలిగించలేకపోతే, ఆ వైరులోనో దాని అతుకులోనో కరెంటుకు ఎక్కడో అడ్డు ఉందని అర్థం. ఈ సంగతి పట్టించేది బల్బేగాని మీటరు కాదు.

పని మొదలుపెట్టే ముందు బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి న్యూట్రల్ చేయాలి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు, ప్లస్ వైరు తరువాత. బిగించేటప్పుడు దీనికి ఎదురు వరసలో చేయాలి. ప్లస్ బోల్టు విప్పుతుండగా స్పానర్ ఫ్రేముకు తగిలితే, మైనస్ వైరు బిగించే ఉన్నప్పుడు, స్పానర్ ఎర్రగా కాలిపోయేంత కరెంటు ప్రవహిస్తుంది. బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గర బీడీ, సిగరెట్ పనికిరావు.

బ్యాటరీ: కొలత చెప్పేది, చెప్పనిది

రాత్రంతా కదలకుండా ఉన్న బండి బ్యాటరీకి పొద్దున తాళం తిప్పకముందే మీటరు పెట్టి చూడండి. 12 వోల్టుల సాధారణ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.8 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగమే ఉందని, 12.0కు దిగితే దాదాపు ఖాళీ అయిందని అర్థం. 10.5 దగ్గర ఆగి, చార్జింగ్ పెట్టినా పైకి ఎక్కకపోతే ఆరు గదులలో ఒక గది చచ్చిపోయి ఉండవచ్చు. ఒక్కో గదికి రెండు వోల్టుల పైచిలుకు కాబట్టి లెక్క సరిపోతుంది. పాత బండ్లలో కొన్నింటికి 6 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాటికి ఈ అంకెలన్నీ సగం చేసి చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ నొక్కగానే కుప్పకూలవచ్చు. సెల్ఫ్ మోటరు క్షణకాలం పదుల ఆంపియర్లు లాగుతుంది; ఆ బరువు మోసినప్పుడే బ్యాటరీ సత్తా బయటపడుతుంది. కాబట్టి మీటరు పిన్నులు బ్యాటరీ బోల్టులకే ఆనించి ఉంచి, వేరొకరితో సెల్ఫ్ నొక్కించి, అంకెను గమనించాలి. 10 వోల్టులకు పైన నిలబడితే బ్యాటరీ మీద అనుమానం వదిలేయవచ్చు. 9 కంటే కిందికి, అందులోనూ 6, 7 దాకా జారితే, ముందు దాన్ని పూర్తిగా చార్జింగ్ చేసి మళ్లీ చూడాలి. అప్పటికీ అంతే అయితేనే మార్చాలి.

చార్జింగ్ నెమ్మదిగా పెట్టించండి. బ్యాటరీ మీద రాసి ఉన్న ఆంపియర్-అవర్ అంకెలో పదో వంతు కరెంటు మంచిది. 5 ఉంటే అర ఆంపియర్, 9 ఉంటే 0.9 ఆంపియర్. ట్రాక్టర్ బ్యాటరీలు చార్జ్ చేసే యంత్రానికి తగిలించి గంటలో ఇచ్చేస్తామనే దుకాణంలో బండి బ్యాటరీ ఇవ్వకపోవడమే మేలు, అది లోపల ఉడికిపోతుంది.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే మన దగ్గర ఎండాకాలంలో రెండు మూడు వారాలకొకసారి మూత తెరిచి చూడాలి. నీరు పై గీతకూ కింది గీతకూ నడుమ ఉండాలి. ప్లేట్లు నీటిపైకి తేలాయంటే తేలిన మేరకు అవి గట్టిపడి పనికిరాకుండా పోతాయి. పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. నల్లగొండ బోరు నీళ్లు మనుషుల పళ్లనూ ఎముకలనూ ఏం చేశాయో ఈ జిల్లావారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అంత లవణాలున్న నీళ్లు సీసపు ప్లేట్ల మీద పడితే వాటి ఆయుష్షూ తరిగిపోతుంది. ఫిల్టరు ప్లాంటులో కొనే తాగునీళ్లు కూడా దీనికి చాలవు, వాటిలో కొంత ఉప్పు మిగిలే ఉంటుంది. యాసిడ్ మళ్లీ మళ్లీ పోయడం ఇంకా తప్పు. ఆవిరైపోయేది నీరే తప్ప యాసిడ్ కాదు.

సెల్ఫ్ నొక్కినప్పుడు వినిపించే శబ్దం

చెవి పెట్టి వినడం అలవాటైతే సగం పని మీటరు లేకుండానే అయిపోతుంది.

తాళం తిప్పితే న్యూట్రల్ లైటు సైతం వెలగకపోతే ముందు ఫ్యూజు చూడండి. గాజు ఫ్యూజు తీగ తెగకుండానే చివరి మూతలో లూజై ఉండవచ్చు, కాబట్టి కంటితో చూసి ఊరుకోకుండా దానికి రెండు వైపులా టెస్ట్ లైటు పెట్టి తేల్చుకోవాలి. ఫ్యూజు బాగుండి, దాని అవతల కరెంటు ఉండి, తాళం దాటాక లేకపోతే లోపం తాళంలో ఉంది. తాళాన్ని అటూ ఇటూ కదిలించినప్పుడు లైటు మిణుకుమంటే ఇక అనుమానం అక్కరలేదు. కాలిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ రేకు చుట్టడం, రాగి తీగ వేయడం చేస్తే, తరువాత కాలేది వైరింగ్ మొత్తం.

లైట్లన్నీ వెలుగుతూ, సెల్ఫ్ నొక్కితే చిన్న శబ్దం కూడా లేకపోతే, రిలేకు (బటన్ నొక్కితే బ్యాటరీ కరెంటును మోటరుకు కలిపే స్విచ్‌కు) ఆజ్ఞ అందడం లేదని అర్థం. కిల్ స్విచ్, సెల్ఫ్ బటన్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, కొన్ని బండ్లలో సైడ్ స్టాండు స్విచ్, వీటిలో ఏదో ఒకటి దారి మూసేసింది. పొలం గట్ల మీద తిరిగే బండ్లలో సైడ్ స్టాండు స్విచ్ బురదకు పట్టేయడం, క్లచ్ లివరు కింద ఉండే చిన్న స్విచ్ లోపలి రేకు నల్లబడడం మామూలే. క్లచ్ లివరును గట్టిగా హ్యాండిల్‌కు ఆనేదాకా పట్టి నొక్కి చూడండి. గేరు న్యూట్రల్‌లో ఉన్నా లైటు వెలగకపోతే, బండిని ముందుకూ వెనక్కూ కొద్దిగా కదిపి చూడండి. రిలే దగ్గరి రెండు సన్నని వైర్లకు టెస్ట్ లైటు తగిలించి, బటన్ నొక్కినప్పుడు లైటు వెలిగితే ఆజ్ఞ అందుతోంది, రిలే కాయిలే పోయింది. వెలగకపోతే లోపం బటన్ వైపున లేదా స్విచ్‌ల వైపున ఉంది.

'టిక్ టిక్ టిక్' అని మిషను కుట్టినట్టు వేగంగా శబ్దం వస్తే కారణం ఇది. రిలే అతుక్కోగానే మోటరు కరెంటు లాగుతుంది, వోల్టేజీ కూలిపోయి రిలే వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ తేరుకుని రిలే మళ్లీ అతుక్కుంటుంది. బ్యాటరీ బలహీనమైనా, లావు వైర్ల అతుకులు చెడినా ఇదే శబ్దం వస్తుంది.

ఒక్కసారి 'టక్' మని గట్టిగా శబ్దం వచ్చి మోటరు తిరగకపోతే, రిలే లోపలి రేకులు కాలిపోవడమో, మోటరు కార్బన్లు అరిగిపోవడమో, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వచ్చే దారి) చెడడమో అయి ఉంటుంది. రిలే లావు బోల్టులు రెండింటికీ మీటరు పిన్నులు ఆనించి బటన్ నొక్కండి. రిలే బాగుంటే అంకె 12 నుంచి దాదాపు సున్నాకు పడాలి. శబ్దం వచ్చినా 12 అలాగే నిలిచి ఉంటే రిలే మారవలసిందే. రబ్బరు పిడి ఉన్న పెద్ద స్క్రూడ్రైవర్‌తో ఆ రెండు బోల్టులనూ కలిపి మోటరు తిప్పడం మన మెకానిక్‌లకు అలవాటే. పెట్రోలు వాసన లేనిచోట, బండి న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకున్నాక మాత్రమే ఆ పని చేయాలి, నిప్పురవ్వలు ఎగురుతాయి.

మోటరు 'జుయ్' మని ఊరికే తిరుగుతూ ఇంజన్ తిరగకపోతే అది కరెంటు లోపం కాదు. లోపల, మోటరు తిప్పుడును ఇంజన్‌కు అందించే వన్‌వే క్లచ్ జారుతోంది. ఇంజన్ పక్క కవరు విప్పవలసిన ఆ పని మెకానిక్‌కు వదిలేయాలి.

ఎర్త్: అందరూ మరిచిపోయే సగం దారి

నా బండి విషయం ఇక్కడ తేలింది. బ్యాటరీ ప్లస్ నుంచి మోటరుకు వెళ్లే లావు వైరును అందరూ చూస్తారు. మోటరు నుంచి ఇంజన్ బాడీ గుండా, ఫ్రేము గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావలసిన దారిని చూసేవారు తక్కువ. వెళ్లినంత కరెంటూ తిరిగి రావాలి. తిరుగు దారిలో తుప్పు ఉంటే మోటరుకు అందే బలం అంతమేరకు తరిగిపోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా తేలిక, కాని చేసే మెకానిక్‌లు అరుదు. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల పిన్నును బ్యాటరీ మైనస్ బోల్టు మీద, ఎర్ర పిన్నును ఇంజన్ మీద రంగు లేని చోట, అంటే ఏదైనా బోల్టు తల మీద, ఆనించాలి. ఊరికే ఉన్నప్పుడు సున్నా చూపిస్తుంది. ఇప్పుడు సెల్ఫ్ నొక్కించండి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. నా మీటరు 2.1 చూపించింది. కొత్త బ్యాటరీ ఇచ్చిన బలంలో రెండు వోల్టులకు పైగా ఎవరికీ కనబడకుండా దారిలోనే ఖర్చవుతోందన్నమాట.

మైనస్ వైరు వెంట వేలితో తడుముకుంటూ పోతే అది సీటు కింద నుంచి దిగి, ఇంజన్ వెనుక ఫ్రేముకు ఒక 10 నంబరు బోల్టుతో బిగించి ఉంది. పైకి చూస్తే బోల్టు బిగుతుగానే ఉంది, కదలలేదు. విప్పి చూస్తే కింద వైరు చివరి రింగు మీద పచ్చని చిలుము పేరుకుంది, ఫ్రేము మీద గోధుమ రంగు తుప్పు పొర ఉంది. ఎన్నడో ఫ్రేముకు వేయించిన నల్ల రంగు కూడా రింగు అంచుల కిందికి చేరింది. రింగును సాండ్ పేపర్‌తో రాగి రంగు తేలేదాకా రుద్దాను, ఫ్రేము మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి ఇనుము మెరిసేలా చేశాను, బోల్టు అడుగు భాగాన్ని కూడా వదలకుండా రుద్ది, బిగించాక పైన వాసలిన్ పూశాను. మళ్లీ సెల్ఫ్ నొక్కితే మీటరు 0.1 చూపించింది, ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఖర్చు పది నిమిషాలు, అర ముక్క సాండ్ పేపర్. అప్పటికే బ్యాటరీకీ కార్బన్లకూ పెట్టిన డబ్బు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెకానిక్‌కు ఈ సంగతి చెబితే "ఎర్త్ ఎవలు చూస్తరు సార్, బోల్టు టైటుగనే ఉండె గద" అన్నాడు. బోల్టు టైటుగా ఉన్న మాట నిజమే.

ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతిలో, బ్యాటరీ ప్లస్ బోల్టు మీద ఒక పిన్ను, మోటరు మీది లావు వైరు బోల్టు మీద మరో పిన్ను పెట్టి, సెల్ఫ్ నొక్కుతూ చూడాలి, 0.5 వోల్టు దాటితే రిలేకు ఇరువైపులా ఉన్న బోల్టులు విప్పి శుభ్రం చేయాలి. వాసలిన్ బిగించిన తరువాతే పూయాలి. ముందు పూస్తే అది లోహాల మధ్య చేరుతుంది.

ఇంజన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు

మోటరు గానీ కిక్కు గానీ ఇంజన్‌ను బాగా తిప్పుతున్నా స్టార్ట్ కాకపోతే ప్లగ్ విప్పాలి. ప్లగ్ తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు అందుతోంది, స్పార్క్ లేదు లేదా బలహీనంగా ఉంది. పొడిగా ఉంటే ముందు కార్బురేటర్ వైపు చూడండి, ఆ విషయం వేరు.

ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్‌కు గట్టిగా ఆనించి, కిక్కు కొట్టి చూడాలి. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది కాబట్టి దానికి దూరంగా ఆనించాలి. గాలిలో వదిలేసి కిక్కు కొడితే షాకు తగలడమే కాక సీడీఐ దెబ్బతినవచ్చు. ఎర్రటి ఎండలో స్పార్క్ కంటికి ఆనదు. స్పార్క్ ఉన్నా లేదనుకుని కాయిల్ మార్పించినవారిని చూశాను. బండిని కొట్టం కిందికో, చెట్టు నీడకో తీసుకువెళ్లి చూడండి. 'చిట్' మని శబ్దంతో నీలంగా పడితే బాగుంది. సన్నగా, ఎర్రగా, శబ్దం లేకుండా పడితే బలహీనం.

స్పార్క్ లేకపోతే ముందు కొత్త ప్లగ్‌తో చూడాలి. తరువాత ప్లగ్ క్యాప్‌ను వైరు నుంచి మర విప్పినట్టు తిప్పి తీయండి. చాలా పాత బండ్లలో వైరు చివరి పోగులు నల్లబడి ఉంటాయి. అర సెంటీమీటరు కోసి, క్యాప్‌ను మళ్లీ తిప్పి బిగిస్తే సరిపోతుంది. సర్వీసింగులో ప్రెషర్ గన్‌తో కడిగించిన మర్నాడే స్టార్ట్ కాకపోతే క్యాప్ లోపల నీళ్లు నిలిచాయని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. తుడిచి ఎండలో గంటసేపు పెడితే చాలు.

ఆ తరువాత చూడవలసింది కిల్ వైరు. మాగ్నెట్ కాయిల్‌తో నడిచే సీడీఐ బండ్లలో తాళం ఆపితే కరెంటు తెగదు. ఒక వైరు ఎర్త్‌కు తగిలి సీడీఐ పని మాన్పించబడుతుంది. హోండా పద్ధతి వైరింగ్‌లో ఇది నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు. తాళం లోపల తేమ చేరినా, హ్యాండిల్ దగ్గర వైరు చర్మం ఊడి ఇనుముకు తగిలినా, బండి దృష్టిలో తాళం ఎప్పుడూ ఆపి ఉన్నట్టే. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు ఊడదీసి కిక్కు కొట్టండి. స్పార్క్ వస్తే సీడీఐ, కాయిల్ అన్నీ బాగున్నాయి, లోపం తాళంలోనో ఆ వైరు దారిలోనో ఉంది. ఈ పరీక్షలో ఇంజన్ స్టార్ట్ అయితే తాళంతో ఆగదు. బ్రేకు పట్టి గేరులో వేసి క్లచ్ నెమ్మదిగా వదిలి ఆపాలి. బ్యాటరీతో నడిచే సీడీఐకి ఈ పరీక్ష కుదరదు. దానికి తాళం తిప్పి ఆన్ చేసినప్పుడు సీడీఐ కప్లర్‌లో (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడులో) 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి, ఎర్త్ వైరు కూడా చూడాలి.

హోండా పద్ధతిలో పచ్చ వైరు ఎర్త్, ఎరుపు బ్యాటరీ ప్లస్, నలుపు తాళం దాటిన కరెంటు అని గుర్తుపెట్టుకుంటే, కప్లర్లు విప్పినప్పుడు దారి తప్పరు. కప్లర్లను విప్పి లోపలి పిన్నులు చూడడం మరవకండి. పత్తి, వడ్లు నిల్వచేసే ఇళ్లలో బండి పెట్టేవారు సీటు కింద, ట్యాంకు కింద వైరింగ్‌ను ప్రత్యేకంగా చూడాలి. ఎలుక కొరికిన వైరు చర్మం ఒక్కోసారి ఒకవైపే ఊడి, బండి కుదిపినప్పుడే ఫ్రేముకు తగులుతుంది.

పాయింట్ల బండిలో పాయింట్ల ముఖాలు నల్లబడ్డాయేమో చూసి, సన్నని ఆకురాయితో రుద్ది, గుడ్డతో తుడిచి, సందు సరిచేయాలి. పాత బుల్లెట్‌కు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గేజి లేకపోతే గడ్డం గీసుకునే బ్లేడు మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి నాలుగు బ్లేడ్లు ఒకదానిమీద ఒకటి పెట్టి చూసుకోవచ్చు, వేళ్లు జాగ్రత్త. పాయింట్లు తెరుచుకున్నప్పుడు వాటి మధ్యనే పెద్ద నిప్పురవ్వలు పడుతుంటే కండెన్సర్ పోయింది.

వేడెక్కాక ఆగిపోయే బండి

మే నెలలో దేవరకొండ నుంచి నల్లగొండ వస్తుంటే నడి దారిలో బండి ఆగి, చెట్టు కింద అరగంట ఉంచితే మళ్లీ స్టార్ట్ అవుతుందని చెప్పేవారు చాలామంది. ఇది ఎక్కువగా మాగ్నెట్ లోపలి కాయిల్ గానీ, ప్లగ్ వైరుకు కరెంటు ఇచ్చే పైనున్న కాయిల్ గానీ, సీడీఐ గానీ వేడికి వదిలేయడం వల్ల వస్తుంది. కాయిల్ తీగ లోపల ఎక్కడో తెగి, చల్లగా ఉన్నప్పుడు కొసలు తాకుతూ, వేడికి సాగి విడిపోతుంది. చల్లారాక మెకానిక్ దగ్గరికి తీసుకువెళితే అన్నీ బాగానే కనిపిస్తాయి, కాబట్టి పరీక్ష ఆగిన చోటే, ఆగిన వెంటనే చేయాలి. ముందు పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. 'హుస్' మని గాలి లోపలికి పోయి ఆ తరువాత బండి స్టార్ట్ అయితే మూతలోని చిన్న రంధ్రం మూసుకుపోయింది, కరెంటుతో సంబంధం లేదు. అది కాకపోతే ప్లగ్ విప్పి స్పార్క్ చూడాలి. లేదని తేలితే, ఇంజన్ వేడిగా ఉండగానే కాయిల్ వైర్ల కప్లర్ విప్పి ఓమ్స్ (తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) కొలిచి, చల్లారాక మళ్లీ కొలవండి. వేడికి అంకె కొద్దిగా పెరగడం సహజం. మీటరు ఏమీ చూపకుండా 1 అని గానీ ఓఎల్ అని గానీ నిలిచిపోతే కాయిల్ తెగింది. ఏ కాయిల్‌కు ఎన్ని ఓమ్స్ ఉండాలో బండి బండికీ వేరు కాబట్టి, బండి బాగున్న రోజునే కొలిచి ఒక కాగితం మీద రాసి, సైడ్ ప్యానెల్ లోపల అంటించి ఉంచుకుంటే ఆ రోజుకు పనికొస్తుంది.

స్టార్ట్ అయిన తరువాత

స్టార్ట్ అయిన బండిని అలాగే తీసుకుపోకుండా చార్జింగ్ చూడాలి, లేకపోతే పది రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది. యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, బ్యాటరీ బోల్టుల మీద మీటరు పెడితే 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య ఉండాలి. 13 లోపే ఆగితే మాగ్నెట్ నుంచి వచ్చే వైర్ల కప్లర్ కాలి నల్లబడిందేమో చూసి, ఆ తరువాతే చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్‌ను అనుమానించండి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది; బ్యాటరీ నీళ్లు త్వరగా తగ్గడం, హెడ్‌లైటు బల్బులు మాటిమాటికీ పోవడం దాని గుర్తులు.

చార్జింగ్ బాగున్నా రెండు రోజులు నిలిపితే బ్యాటరీ దిగిపోయే బండికి మరో పరీక్ష ఉంది. తాళం ఆపి, మైనస్ వైరు విప్పి, విప్పిన వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ నడుమ మీటరును ఆంపియర్ల మీద పెట్టి తగిలించండి. కార్బురేటర్ బండిలో అంకె దాదాపు సున్నా ఉండాలి. పదుల మిల్లీ ఆంపియర్లు చూపిస్తే ఎక్కడో లీకేజీ ఉంది. తరువాత అదనంగా బిగించిన హారన్, ఎల్‌ఈడీ లైటు, మొబైల్ చార్జర్ ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో తెలుస్తుంది. ఈ పరీక్షలో మీటరు ఉండగా తాళం తిప్పడం గానీ సెల్ఫ్ నొక్కడం గానీ చేయకండి, మీటరు లోపలి ఫ్యూజు కాలిపోతుంది.